గ్రీన్ కార్డు వచ్చాకే కాలేజీ: హెచ్-1బి తండ్రులకు తిరుగులేని చిట్కాలు

అమ్మాయి పన్నెండో గ్రేడుకి వచ్చింది. గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టిన మీ ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి పదేళ్లు దాటింది. కార్డు జాడ లేదు. ఇంట్లో అందరికీ దిగులు పట్టుకుంది. దిగులెందుకండీ? మీ చేతిలో ఎంత గొప్ప సౌకర్యం ఉందో మీరింకా గమనించినట్టు లేదు.

కాలేజీ అప్లికేషన్లంటే మామూలు చాకిరీ కాదు. వ్యాసాలు, టీచర్ల సిఫారసులు, ఆదాయం లెక్కలు, ఒక్కో యూనివర్సిటీకి ఒక్కో గడువు. అమెరికా పౌరులైన తండ్రులకి దీన్నుంచి తప్పించుకునే దారే లేదు. మీకుంది. "మా కేసు ఇంకా పెండింగులో ఉంది" అన్న ఒక్క మాట చాలు, ఎలాంటి పనైనా ఆగిపోతుంది. మీ ఆవిడ అడిగినా అదే చెప్పండి, అమ్మాయి అడిగినా, స్కూలు కౌన్సెలర్ అడిగినా అదే చెప్పండి. ఈ మాటని ఓపికగా వాడుకుంటే అమ్మాయికి 21 నిండేసరికి మీరు చేయాల్సిన పనులన్నిటికీ గడువు దాటిపోయి ఉంటుంది. మీరు విశ్రాంతిగా ఉండాలని మనసారా కోరుకుంటూ వరసగా చెబుతున్నాను. ఒక్కటీ వదలొద్దు.

1. రోజంతా వీసా బులెటిన్ చూడండి.

బులెటిన్ స్టేట్ డిపార్ట్‌మెంట్ నుంచి నెలకోసారి వస్తుంది. అలాగని నెలకోసారే చూస్తే మిగతా రోజుల్లో ఎవరో ఒకరు మీకు పని చెబుతారు. అందుకని రోజూ తెరవండి. ఉద్యోగాల పట్టికలో ఎడమవైపు 1వ, 2వ, 3వ కేటగిరీలు (ఈబీ-1, ఈబీ-2, ఈబీ-3) ఉంటాయి. పైన చైనా, ఇండియా, మెక్సికో, ఫిలిప్పీన్స్. 2వ వరస మీద వేలు పెట్టి ఇండియా గడి దాకా జరపండి. రోజు రెండంకెల్లో, నెల మూడక్షరాల్లో, సంవత్సరం రెండంకెల్లో ఉంటుంది. మీ ప్రయారిటీ డేటుకి, అంటే మీరు క్యూలో చేరిన తేదీకి, అది ఇంకా వెనకే ఉందని చూసుకుని గట్టిగా నిట్టూర్చండి. కింద ఇంకో చార్టు ఉంటుంది, ఫైలింగ్ తేదీలది. దానికీ ఒక నిట్టూర్పు. ఇలా పొద్దున ఒక గంట, రాత్రి ఒక గంట గడిచిపోతుంది.

అమ్మాయి వచ్చి "డాడీ, కాలేజీ లిస్టు చూద్దామా?" అంటే కోటా గురించి ఉపన్యాసం మొదలుపెట్టండి. ఏటా ఉద్యోగాల కోటాలో ఉన్నవి దాదాపు 1,40,000 కార్డులు. అందులో భార్యాపిల్లలవీ కలిపే. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. ఐస్‌లాండ్‌కీ అంతే, ఇండియాకీ అంతే. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు కాబట్టి అమ్మాయి ఎదురు చెప్పలేదు. అన్యాయం గురించి నిజాలు చెబుతున్న తండ్రిని లిస్టు గురించి ఎవరూ అడగరు.

మధ్యమధ్యలో ఆశ కూడా పెట్టాలి. 2020 అక్టోబరు బులెటిన్‌లో ఈబీ-3 ఇండియా ఫైలింగ్ డేటు ఒక్కసారిగా 2015 జనవరి 1కి వచ్చింది. ఈబీ-2 వాళ్లు డౌన్‌గ్రేడ్ చేసుకుని మరీ ఫైల్ చేశారు. "అలాంటిది మళ్లీ వస్తుంది, అప్పటిదాకా ఆగు" అనండి. ఇది ప్రతి అక్టోబరులోనూ చెప్పొచ్చు. సరిగ్గా అదే నెలలో అప్లికేషన్ల పని ముమ్మరంగా ఉంటుంది కాబట్టి భలే కలిసొస్తుంది.

2. వయసు లెక్క మీరే వేయండి, లాయరుని అడక్కండి.

21 నిండి తల్లిదండ్రుల కేసులోంచి జారిపోకుండా పిల్లల వయసు కాపాడడానికి 2002లో వచ్చిన చట్టం ఒకటుంది. లాయర్లు దాని ప్రకారం చెప్పే లెక్క ఇది: వీసా నంబరు అందుబాటులోకి వచ్చిన రోజున పిల్లకి ఎంత వయసుందో చూసి, అందులోంచి ఐ-140 ఫైల్ చేసిన రోజు నుంచి అప్రూవ్ అయిన రోజు వరకు పట్టిన కాలాన్ని తీసేయాలి. క్యూలో నిలబడ్డ సంవత్సరాలు తీసేయకూడదు. మీది ప్రీమియం ప్రాసెసింగులో అయిపోయింది. అంటే తీసేయడానికి దొరికేది రెండు మూడు వారాలు.

ఇంత దిగులు పుట్టించే లెక్క మనకెందుకు? మీరు క్యూలో ఉన్న పన్నెండేళ్లూ తీసేయండి. అమ్మాయికి 17 కాబట్టి చట్టం దృష్టిలో అయిదేళ్లు. ఇంకా ఒకటో తరగతికి కూడా రాని పిల్లకి కాలేజీ గురించి కంగారేమిటి? ఈ లెక్కని కాగితం మీద వేసి ఫ్రిజ్ మీద అంటించండి.

లాయరు దగ్గరి నుంచి ఈమెయిల్ వస్తే అందులో ఏ చార్టు ప్రకారం లెక్కపెట్టాలో ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో ఫైలింగ్ చార్టు అన్నారు. 2025 ఆగస్టు 15 నుంచి ఫైల్ చేసేవాళ్లకి మళ్లీ పై చార్టే, అంటే ఫైనల్ యాక్షన్ చార్టే అన్నారు. "వాళ్లకే స్థిరం లేదు, మనమేం చేస్తాం?" అని ఈమెయిల్ మూసేయండి.

3. అప్లికేషన్‌లో పౌరసత్వం ప్రశ్న దగ్గర 'పర్మనెంట్ రెసిడెంట్' టిక్కు పెట్టండి.

కామన్ యాప్‌లో ఈ ప్రశ్న తొలి పేజీల్లోనే వస్తుంది. వేరే దేశపు పౌరురాలు అని టిక్కు పెడితే ఏ వీసా అని అడుగుతారు, హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) అని రాయాలి, దాని గురించి యూనివర్సిటీకి వివరించాలి. కొన్ని చోట్ల హెచ్-4 పిల్లల్ని అంతర్జాతీయ విద్యార్థుల్లో కలుపుతారు, కొన్ని చోట్ల కలపరు. ఒక్కోచోటికీ ఫోన్ చేసి కనుక్కోవాలి. అన్ని ఫోన్లు ఎవరు చేస్తారు? గ్రీన్ కార్డు ఎలాగూ వస్తుంది, వచ్చినట్టే లెక్క. టిక్కు పెట్టేయండి.

మార్చిలో సీటు వస్తుంది. మే 1కి డిపాజిట్ కడతారు. కట్టాక కార్డు కాపీ పంపమంటారు. పంపుతాం, పంపుతాం అంటూ జులై దాకా లాగండి. జులైలో సీటు రద్దు చేస్తారు. అప్పటికి మిగతా కాలేజీలన్నిటికీ వద్దని రాసేసి ఉంటారు కాబట్టి ఇక ఏ కాలేజీతోనూ ఉత్తరప్రత్యుత్తరాలు ఉండవు. హాస్టల్ సామాను కొనే ఖర్చు కూడా తప్పుతుంది.

4. ఫాఫ్సాలో ఇంకో మెట్టు పైకెక్కండి.

ఫెడరల్ ఆర్థిక సాయం ఫారమ్ ఇది. పౌరులా, పౌరులు కాకపోయినా అర్హత ఉన్నవాళ్లా, రెండూ కాదా అని అడుగుతుంది. హెచ్-4 వాళ్లూ, ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) పెండింగులో ఉన్నవాళ్లూ మూడో కోవలోకే వస్తారు. గ్రీన్ కార్డు చేతికొచ్చినవాళ్లు రెండో కోవ. మూడోది నొక్కితే డబ్బు రాదు. రెండోది నొక్కితే కార్డు మీది నంబరు అడుగుతుంది. మొదటిది నొక్కండి.

తప్పుడు సమాచారం ఇస్తే 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు, లేదా రెండూ పడొచ్చని ఆ ఫారమ్ మీదే రాసి ఉంటుంది. చిన్న అక్షరాలు చదివి కళ్లు పాడుచేసుకోకండి. పైగా పౌరురాలినని అబద్ధం చెప్పినవాళ్లకి 1996 నుంచి ఇమిగ్రేషన్ చట్టంలో దాదాపు మినహాయింపే లేని, జీవితాంతం ఉండే నిషేధం ఉంది. దీని ఉపయోగం ఏమిటో ఆలోచించండి: ఆ ఒక్క నొక్కుతో అమ్మాయి కార్డు గురించి మీరు ఇక ఎప్పటికీ ఎదురుచూడక్కర్లేదు. పన్నెండేళ్ల నిరీక్షణ ఒక్క సాయంత్రంలో ముగుస్తుంది.

5. సాయం చేసే కాలేజీల పేర్లు అమ్మాయి చెవిన పడనివ్వకండి.

హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ లాంటివి ఏ దేశపు పౌరులైనా సరే, ఫీజు కట్టగలరా లేదా అని చూడకుండా సీటిస్తాయి. సీటొచ్చాక అవసరాన్ని బట్టి సాయం కూడా చేస్తాయి. ఈ సంగతి తెలిస్తే ఆ పిల్ల అప్లై చేస్తానంటుంది. అప్పుడు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఆర్థిక ఫారమ్ నింపాలి. మీ ట్యాక్స్ రిటర్నులు, బ్యాంకు నిల్వలు, హైదరాబాద్ శివార్లలో కొన్న ప్లాటు విలువ అన్నీ రాయాలి. ఆ ప్లాటు సంగతి ఇంట్లోనే అందరికీ తెలియదు కదా. "మనకి ఏ సాయమూ రాదమ్మా, రూలంతే" అని ప్రేమగా తల నిమిరి చెప్పండి.

6. ఇన్‌స్టేట్ ఫీజుకి బావమరిది అడ్రసు వాడండి.

స్టేట్ యూనివర్సిటీలో బయటి రాష్ట్రంవాళ్లకి ఫీజు రెండింతలు, మూడింతలు కూడా ఉంటుంది. మీరు న్యూజెర్సీలో ఉంటారు, అమ్మాయికి టెక్సస్ మీద మోజు. మీ బావమరిది ఫ్రిస్కోలో ఉన్నాడు. వాళ్లింటి అడ్రసు రాసేయండి. అడిగితే "మేనమామ దగ్గరే పెరిగింది" అని చెప్పండి, మనవైపు అది నమ్మదగ్గ మాటే.

రెసిడెన్సీ ఫారమ్‌లో తల్లిదండ్రులు ఎక్కడ ఉంటున్నారు, ఎక్కడ పనిచేస్తున్నారు, డ్రైవింగ్ లైసెన్సు ఏ రాష్ట్రానిది, ఇంటి లీజు ఎవరి పేరు మీద ఉంది అని అడుగుతారు. అన్నిటికీ బావమరిది కాగితాలే జత చేయండి. మొదటి సెమిస్టర్ అయ్యాక విషయం బయటపడి తేడా మొత్తం ఒకేసారి కట్టమని బిల్లు వస్తుంది. కట్టడానికి బావమరిది దగ్గరే అప్పు తీసుకోండి. రెండు కుటుంబాల మధ్యా రాకపోకలు ఆగిపోయి దసరా, దీపావళి ప్రయాణాల బడలిక తప్పుతుంది.

మీరు ఉంటున్న రాష్ట్రంలోనే హెచ్-4 పిల్లలకి ఇన్‌స్టేట్ వచ్చే వీలుందో లేదో యూనివర్సిటీ వెబ్‌సైటులో రెసిడెన్సీ పేజీ చదివితే పావుగంటలో తెలిసిపోతుంది. ఆ పేజీ తెరవకండి.

7. వ్యాసం మీరే రాయండి.

కామన్ యాప్ వ్యాసానికి 650 మాటల పరిమితి. అమ్మాయి సొంతంగా రాస్తానంటుంది, రోబోటిక్స్ క్లబ్బు గురించో, అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడే తెలుగు గురించో. అడ్మిషన్ ఆఫీసు వాళ్లకి అవన్నీ ఎందుకు? మీ పెర్మ్ (గ్రీన్ కార్డుకి ముందు కావలసిన లేబర్ సర్టిఫికేషన్) కథ చెప్పండి. మొదటి 200 మాటలు పాత కంపెనీ పెర్మ్ ఆడిట్‌లో పడిన సంగతి. తరవాత 300 మాటలు కంపెనీ మారి పాత ప్రయారిటీ డేటు నిలుపుకున్న తీరు. మిగిలిన 150లో ఈబీ-2, ఈబీ-3 తేడా. అమ్మాయి పేరు పైన ఎలాగూ ఉంటుంది కాబట్టి వ్యాసంలో మళ్లీ అక్కర్లేదు.

డిసెంబరు 31 రాత్రి పదకొండింటికి మొదలుపెట్టండి. ఎన్నో కాలేజీలకి జనవరి 1 గడువు. అప్పుడు కౌన్సెలర్ ఉత్తరం ఇంకా రాలేదని తెలుస్తుంది. స్కూలుకి శీతాకాలం సెలవులు, ఆవిడ ఈమెయిల్‌కి ఆటోమేటిక్ జవాబు వస్తుంది. తప్పు స్కూలుదే అని తేలిపోయింది, హాయిగా పడుకోండి.

8. కౌన్సెలర్‌కి హెచ్-4 అంటే ఏమిటో చెప్పొద్దు. ఆవిడంతట ఆవిడ తెలుసుకుంటుంది.

9. గ్యాప్ ఇయర్ అనండి.

గుళ్లో కనిపించినవాళ్లు "అమ్మాయి ఎక్కడ చేరింది?" అని అడుగుతారు. దగ్గర్లోనే కమ్యూనిటీ కాలేజీ ఉంది, హెచ్-4 మీద చదువుకోవచ్చు, రెండేళ్ల తరవాత యూనివర్సిటీకి మారొచ్చు. కానీ ఆ పేరు నలుగురిలో చెప్పుకోలేం. గ్యాప్ ఇయర్ అంటే వినడానికి దర్జాగా ఉంటుంది. రెండో ఏడు కూడా గ్యాప్ ఇయరే అనండి.

"ఎంతకాలం?" అంటే అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ పేరు ఎత్తండి. ఇలా వీసా మీద పెరిగిన పిల్లల కోసం 2021లో కాంగ్రెస్‌లో పెట్టిన బిల్లు అది. 2023లో మళ్లీ పెట్టారు. "ఆ బిల్లు పాసైతే మాకిక ఏ బాధా లేదు" అని ధీమాగా చెప్పండి. మీ సెనేటర్ ఆఫీసుకి ఫోన్ మాత్రం చేయొద్దు, అక్కడ నిజంగానే ఎవరో ఒకరు ఫోన్ ఎత్తుతారు.

10. ఖాళీగా ఉండకుండా అమ్మాయిని క్యాష్ పనిలో పెట్టండి.

హెచ్-4 మీద పని చేయకూడదు. 2015లో ఇచ్చిన ఈఏడీ (పని అనుమతి) వెసులుబాటు జీవిత భాగస్వాములకే గానీ పిల్లలకి కాదు. తెలిసినవాళ్ల బిర్యానీ సెంటర్‌లో కౌంటర్ దగ్గర కూర్చోబెట్టండి. చెక్కు తీసుకోవద్దు. అనుమతి లేకుండా ఎప్పుడైనా పని చేశారా అని రేపు ఐ-485 ఫారమ్ సూటిగా అడుగుతుంది. చేశానంటే ఒక చిక్కు, లేదంటే ఇంకో చిక్కు. రెంటికీ లాయరు ఫీజు ఒకటే కాబట్టి మీకు నష్టం లేదు.

11. పొరపాటున డేటు కరెంట్ అయితే ముందు మీది వేసుకోండి.

బులెటిన్ తిరగబడి మీ తేదీ వచ్చేసిందనుకోండి. ముగ్గురికీ మూడు ఐ-485లు, మూడు మెడికల్స్, మూడు ఫీజులు. ఒకేసారి అంత ఖర్చా? మీదీ మీ ఆవిడదీ వేయండి, అమ్మాయిది వచ్చే నెల చూద్దాం. వయసు కాపాడే చట్టం ప్రకారం వీసా అందుబాటులోకి వచ్చిన ఏడాది లోపల పిల్లల కోసం అడుగు వేయాలి. ఏడాదంటే బోలెడు టైము ఉంది. వచ్చే నెల డేటు వెనక్కిపోతుంది. అమ్మాయి ఫీజు మిగిలింది.

మీ ఆవిడ పట్టుబట్టి అమ్మాయిదీ వేయించిందా? అయినా దారి ఉంది. ఇల్లు మారండి. మారిన పది రోజుల్లో ఏఆర్-11 ఫారమ్ మీద కొత్త అడ్రసు తెలియజేయాలి, అది చేయకండి. బయోమెట్రిక్స్ పిలుపు పాత ఇంటి పోస్టుబాక్సులో పడుతుంది. ఇప్పుడు అక్కడ ఉంటున్న పెద్దాయన దాన్ని పిజ్జా కూపన్లతో కలిపి చెత్తలో వేస్తాడు. వేలిముద్రలకి రాలేదు కాబట్టి అప్లికేషను వదులుకున్నట్టు లెక్కకడతారు. అది కాక ఆర్ఎఫ్ఈ (అదనపు ఆధారాలు అడిగే నోటీసు) వస్తే జవాబుకి 12 వారాల దాకా గడువు ఇవ్వొచ్చు. పన్నెండో వారంలో కవరు విప్పండి.

12. చిలుకూరు బాలాజీ మొక్కు తీర్చడానికి అమ్మాయిని పంపండి.

కోరిక కోరేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. ఐ-485 రసీదు రాగానే సగం తీరినట్టే కాబట్టి ఆలస్యం చేయొద్దు. అమ్మాయి హెచ్-4 గడువు ముగిసింది, అడ్వాన్స్ పెరోల్ (బయటికెళ్లి తిరిగి రావడానికి అనుమతి) ఇంకా రాలేదు అని లాయరు మొత్తుకుంటాడు. దేవుడి పనికి లాయరు అనుమతి ఏమిటి? టికెట్ కొనేయండి. విమానం ఎక్కగానే అప్లికేషను వదులుకున్నట్టవుతుంది. 108 ప్రదక్షిణలూ తొందర లేకుండా తిరగొచ్చు, ఎందుకంటే తిరుగు ప్రయాణం లేదు.

13. 21వ పుట్టినరోజు పెద్ద హాల్లో చేయండి.

డేటు కదలనివాళ్లకి ఇదే ముఖ్యమైన ఘట్టం. హెచ్-4 పిల్లలకి ఐ-94 ప్రవేశ పత్రం మీద గడువు సాధారణంగా ఈ పుట్టినరోజుని దాటదు. దానికి కొన్ని నెలల ముందే కాలేజీ నుంచి ఐ-20 తెప్పించుకుని, ఐ-539 ఫారమ్ పెట్టి విద్యార్థి హోదా అయిన ఎఫ్-1కి మారేవాళ్లు ఉంటారు. వాళ్లకి పుట్టినరోజు నాడు కూడా ప్రశాంతత ఉండదు. మీరు క్యాటరింగ్ సంగతి చూసుకోండి. గుత్తివంకాయా, గోంగూర మటనా అన్నది తేల్చడానికే రెండు వారాలు పడుతుంది.

కేక్ కోసిన మర్నాటి నుంచీ అమ్మాయికి హోదా ఏదీ ఉండదు. కదలకండి. 180 రోజులు దాటనిచ్చి బయటికి వెళితే మూడేళ్లు తిరిగి రావడానికి ఉండదు. ఓపిక పట్టి ఏడాది నిండనిస్తే పదేళ్లు. మూడేళ్లయితే తిరిగొచ్చి మళ్లీ కాలేజీ అంటుంది. పదేళ్లే మేలు. కూకట్‌పల్లిలో మీ అన్నయ్యగారింట్లో పై అంతస్తు ఖాళీగానే ఉంది.

14. మీకు కార్డు వచ్చాక ఎఫ్-2బి పిటిషన్ పెట్టండి.

ఎప్పుడో ఒకప్పుడు మీకూ మీ ఆవిడకీ కార్డులొస్తాయి. అప్పుడు 21 దాటిన, పెళ్లికాని కూతురి కోసం పిటిషన్ పెట్టవచ్చు. ఇదీ ఏళ్ల తరబడి సాగే క్యూనే. కుటుంబాల పట్టిక అదే బులెటిన్‌లో ఉద్యోగాల పట్టికకి పైనే ఉంటుంది, కొత్త పేజీ వెతుక్కునే శ్రమ కూడా లేదు. మళ్లీ పొద్దున గంట, రాత్రి గంట.

ఈ పిటిషన్ నిలవాలంటే కూతురికి పెళ్లి కాకుండా ఉండాలి. మీరు పౌరులయ్యేలోపు ఆమె పెళ్లి చేసుకుంటే అది దానంతటదే రద్దయిపోతుంది. అందుకని రసీదు చేతికొచ్చిన వారంలోనే సంబంధాలు చూడడం మొదలుపెట్టండి. జాతకం, బయోడేటా సిద్ధంగా ఉంచుకోండి. బయోడేటాలో చదువు అన్నచోట 'గ్యాప్ ఇయర్' అని రాయండి.